కంటికి దొరకని బెస్రా: ఒక చిన్న అడవి డేగ, దాని పది ఉపజాతులు

తెల్లటి గొంతు మధ్యలో నిలువుగా ఒక నల్లటి గీత. ఆసియా అడవుల్లో తిరిగే చిన్న డేగల్లోంచి బెస్రాను వేరు చేయడానికి పక్షి పరిశీలకులు ముందుగా వెతికేది ఆ గీతనే. చిక్కేమిటంటే, ఆ గీత కనపడేంత సేపు బెస్రా ఎదురుగా కూర్చోవడం చాలా అరుదు. ఆకుల సందులోంచి ముదురు బూడిదరంగు మెరుపులా వస్తుంది, రెండు మూడు సార్లు రెక్కలు విసిరి కాస్త జారుతుంది, ఇంకో గుబురులో దూరిపోతుంది. చూసినవాళ్లు నోట్‌బుక్కులో 'షిక్రా కావచ్చు' అని రాసుకుంటారు. అలాంటి 'కావచ్చు'ల్లో కొన్నయినా బెస్రాలై ఉంటాయి.

షిక్రా అంటే తెలుగువాళ్ల జాలెడేగ. తోటల్లో, పొలాల గట్ల మీది చెట్లలో, నగరాల పార్కుల్లో కూడా కనిపించే పక్షి. బెస్రా దానికి దగ్గరి చుట్టమే. రంగు కొంచెం ముదురు, స్వభావం మాత్రం పూర్తిగా వేరు. షిక్రా చెట్లున్న బయలును ఇష్టపడుతుంది. బెస్రా బయలు లేని చెట్లను ఇష్టపడుతుంది. దాని ఒంటి తీరు, వేట పద్ధతి, ఎక్కడెక్కడ ఉంటుంది, ఎందుకు ఇన్ని ఉపజాతులుగా విడిపోయింది అన్న ప్రశ్నలన్నిటికీ జవాబు వెతకాల్సింది ఈ తేడాలోనే.

పేరు రెండు దారుల్లో వచ్చింది

'బెస్రా' అన్నది డేగలను మచ్చిక చేసి వేటాడించే ఉత్తర భారతపు వేటగాళ్ల మాట. వాళ్ల లెక్కలో బెస్రా అంటే ఆడపక్షి మాత్రమే. మగపక్షి పేరు ధోతి. షిక్రాలో మగదాన్ని చిపక్ అన్నారు. ఆడా మగా వేర్వేరు పేర్లతో పిలవడం వెనక వ్యవహారజ్ఞానం ఉంది. ఈ డేగల్లో ఆడది మగదానికన్నా బాగా పెద్దది, రెండూ పట్టే వేట ఒకటి కాదు. చేతిమీద పెట్టుకుని వేటాడించేవాడికి అవి రెండు వేర్వేరు పనిముట్లే.

ఆ మాటను యథాతథంగా శాస్త్రంలోకి తెచ్చినవాడు థామస్ కావర్‌హిల్ జెర్డన్. మద్రాసు సైన్యంలో వైద్యుడు. కలివికోడికి ఇంగ్లిష్‌లో ఉన్న పేరు ఆయన పేరే. 1839లో దక్షిణ భారతపు పక్షికి ఆయన 'బెస్రా' అనే శాస్త్రీయ నామం ఇచ్చాడు. కానీ అప్పటికి 17 ఏళ్ల ముందే, 1822లో, జావా ద్వీపం నుంచి వచ్చిన ఇదే జాతి పక్షికి డచ్చి శాస్త్రవేత్త టెమింక్ 'ఫాల్కో విర్గాటస్' అని పేరు పెట్టి ఉన్నాడు. విర్గాటస్ అంటే లాటిన్‌లో చారలున్నది. ముందు పెట్టిన పేరుకే హక్కు అన్నది శాస్త్రీయ నామకరణ నియమం కాబట్టి జాతి పేరు విర్గాటస్‌గా నిలిచింది. జెర్డన్ పెట్టిన పేరు దక్షిణ భారతం, శ్రీలంకల ఉపజాతికి మిగిలింది. వాడుకలో మాత్రం గెలిచింది వేటగాళ్ల మాటే. హిమాలయాల నుంచి ఫిలిప్పీన్స్ దాకా, ఏ ఉపజాతినైనా ప్రపంచమంతా ఇప్పుడు బెస్రా అనే అంటోంది.

అడవి కోసం తీర్చిన ఒళ్లు

బెస్రా పొడవు ముక్కు నుంచి తోక చివరిదాకా సుమారు 25 నుంచి 36 సెంటీమీటర్లు. మగది మామూలు పావురమంత కూడా ఉండదు. రెక్కలు పొట్టిగా, గుండ్రంగా, వెడల్పుగా ఉంటాయి, తోక పొడుగు. ఈ రెండూ కలిసి వచ్చాయంటే అది చెట్ల మధ్య వేటాడే పక్షి అని చూడకుండానే చెప్పవచ్చు.

ఆకాశంలో పైనుంచి దూకే బైరిడేగకు సన్నగా, కొనదేలిన రెక్కలుంటాయి. వేగానికి అవి బాగా పనికొస్తాయి, కానీ కొమ్మల మధ్య ఆ రెక్కలు తగులుకుంటాయి. పొట్టి రెక్క సందుల్లోంచి దూరగలదు, పైగా కూర్చున్న చోటినుంచి ఒక్క ఉదుటున వేగం అందిస్తుంది. పొడుగు తోక చుక్కానిలాగా, బ్రేకులాగా రెండు పనులూ చేస్తుంది. చెట్టు మొదలు అడ్డం వచ్చినప్పుడు క్షణంలో పక్కకు తిరగడానికీ, కొమ్మ మీది పిట్ట ముందు ఠక్కున ఆగడానికీ ఆ తోకే ఆధారం. దీనికి మూల్యం కూడా ఉంది. అలాంటి రెక్కలతో గంటల తరబడి ఎగరడం ఖరీదైన పని. బెస్రా దూరప్రయాణాలు చేసే పక్షి కాదు. చాలాచోట్ల ఏడాది పొడవునా ఉన్నచోటే ఉంటుంది, మహా అయితే చలికాలంలో కొండ దిగుతుంది. ఉపజాతుల సంగతి వచ్చినప్పుడు ఈ విషయం మళ్లీ అక్కరకొస్తుంది.

కాళ్లు సన్నగా ఉంటాయి, నడిమి వేలు బాగా పొడుగు. ఇది పిట్టల్ని పట్టే డేగల లక్షణం. ఎగురుతున్న పిట్టను అందుకోవాలంటే ఈకల గుత్తిలోంచి లోపలికి దిగే పొడవాటి వేళ్లు కావాలి. షిక్రా వేళ్లు ఇంతకన్నా పొట్టి. బల్లులు, తొండలు, ఎలుకలు దాని భోజనంలో పెద్ద భాగం. బెస్రా కూడా బల్లుల్నీ, తూనీగల్లాంటి పెద్ద పురుగుల్నీ, చిన్న ఎలుకల్నీ తింటుంది, కానీ దాని పనిముట్లు తయారైంది చిన్న పక్షుల కోసం.

వేట అంతా మాటువేసి చేసేదే. దట్టమైన ఆకుల చాటున కొమ్మ మీద కదలకుండా కూర్చుంటుంది. ఏ పిట్టో ఏమరుపాటుగా దగ్గరికి వస్తే చిన్న పరుగులాంటి దాడి. తప్పితే వెంటబడి చాలా దూరం తరమదు, ఇంకో మాటు వెతుక్కుంటుంది. అందుకే బెస్రా ఉన్న సంగతి తరచుగా మిగతా పిట్టలు చెప్పాల్సి వస్తుంది. బుల్‌బుల్‌లు, ఏట్రింతలు ఒక గుబురు చుట్టూ చేరి ఆపకుండా గోల పెడుతుంటే లోపల పామో గుడ్లగూబో, లేదంటే ఇలాంటి డేగో ఉందన్నమాట.

ఆడది పెద్దది కావడం గురించి శాస్త్రవేత్తల మధ్య వందేళ్లకు పైగా వాదన నడుస్తోంది. స్పష్టంగా కనిపించే క్రమం ఒకటుంది. రాబందుల్లాంటి, చచ్చినవాటిని తినే పక్షుల్లో ఆడా మగా ఇంచుమించు సమానం. పురుగులు, ఎలుకలు తినేవాటిలో తేడా కొద్దిగా ఉంటుంది. ఎగిరే పిట్టల్ని పట్టేవాటిలో తేడా అన్నిటికన్నా ఎక్కువ. చురుకైన చిన్న పిట్టల్ని పట్టి గూటికి తేవాల్సిన మగదానికి తేలికైన ఒళ్లు లాభమని, గుడ్లు పెట్టి పొదిగి గూటిని కాచుకునే ఆడదానికి బరువు లాభమని ఒక వివరణ. జంట వేర్వేరు సైజుల వేట మీద ఆధారపడితే ఒకే అడవిలో ఒకదాని తిండికి ఇంకొకటి అడ్డం రాదని మరొకటి. రెండూ కొంత నిజమే అయి ఉండవచ్చు, ఒకటి నిజమైతే రెండోది తప్పు కావాల్సిన పని లేదు.

గూడు చెట్టు మీద పుల్లలతో కడుతుంది, సాధారణంగా ఏటా కొత్తది. గుడ్లు రెండు నుంచి ఐదు.

ఏది బెస్రా, ఏది కాదు

బెస్రా మీద సమాచారం పలచగా ఉండడానికి అది దాక్కునే పక్షి కావడం ఒక కారణమైతే, దాన్ని పోలిన పక్షులు మరీ ఎక్కువగా ఉండడం ఇంకో కారణం. గుర్తింపు పుస్తకాల్లో ఈ పేజీల దగ్గర అనుభవజ్ఞులకు కూడా టెన్షనే.

ముందు షిక్రా. పెద్దయిన షిక్రా గొంతు మీద గీత ఉన్నా బూడిదరంగులో, వెతికితే తప్ప కనపడనంత లేతగా ఉంటుంది. ఛాతీ నుంచి పొట్ట దాకా సన్నటి ఇటుకరంగు అడ్డచారలు. బెస్రా గొంతు గీత ముదురుగా, తీర్చినట్టుగా ఉంటుంది. ఛాతీ మీద నిలువు మరకలు, పొట్ట దగ్గరికి వచ్చేసరికి వెడల్పయిన అడ్డపట్టీలు. వీపు ముదురు నీలిబూడిద. ఆడదానిలో గోధుమఛాయ ఎక్కువ. తోక మీది నల్లపట్టీలు, వాటి మధ్య ఉన్న లేతరంగు ఖాళీలు దాదాపు ఒకే వెడల్పు. కూర్చున్న పక్షిని వెనకనుంచి చూసినప్పుడు పనికొచ్చే గుర్తు ఇదే. షిక్రా తోక మధ్య ఈకల మీద పెద్దయ్యాక చారలే ఉండవు.

పిల్ల పక్షుల దగ్గరికి వస్తే ఈ నియమాలు సగం పనిచేయవు. రెండు జాతుల పిల్లలూ పైన గోధుమరంగు, కింద తెలుపు మీద గోధుమ చుక్కలూ చారలూ. గొంతు గీత కూడా రెండింటికీ కనిపించవచ్చు. పైగా చలికాలంలో బెస్రా అడవి అంచుకు, పలచటి చెట్లున్న చోటికి వస్తుంది. అంటే షిక్రా ఇలాకాలోకే వస్తుంది. 'ఉన్న చోటును బట్టి పేరు రాసుకోవడం' అనే సులువైన పద్ధతి పొరపాట్లకు దారితీసేది సరిగ్గా ఆ నెలల్లోనే.

తూర్పున మరో సమస్య జపాన్ పిట్టడేగ. జపాన్, కొరియా, ఈశాన్య చైనా, రష్యా తూర్పు కొసల్లో గూడు కట్టి, చలికాలానికి ఆగ్నేయాసియా దాకా వలస వస్తుంది. ఒకప్పుడు దీన్ని బెస్రాలో ఉపజాతిగానే లెక్కపెట్టారు. పరిమాణం, రంగులు చూస్తే అలా అనుకోవడంలో తప్పేమీ లేదు. వేరు చేసింది రెక్కల తీరు. వలస పక్షికి రెక్క పొడుగ్గా, కొన కాస్త సన్నగా ఉంటుంది. ఎక్కడికీ పోని బెస్రాకు గుండ్రంగా ఉంటుంది. జపాన్ పక్షి గొంతు గీత చాలా సన్నం, తోక మీది నల్లపట్టీలు ఖాళీలకన్నా ఇరుకు. బతుకు తీరు రెక్క మీద ఎంత స్పష్టంగా రాసి ఉంటుందో చూడడానికి ఈ జంట కన్నా మంచి ఉదాహరణ దొరకదు.

ఎగిరేటప్పుడు రెక్క చివర వేళ్లలా విచ్చుకునే ఈకల్ని లెక్కపెట్టడం పరిశీలకుల పాత చిట్కా. చైనా పిట్టడేగకు నాలుగు. బెస్రా, షిక్రా, జపాన్ పిట్టడేగలకు ఐదు. యూరేషియా పిట్టడేగకు, ఇంకో అడవి డేగ అయిన జుట్టు గోస్‌హాక్‌కు ఆరు. ఫోటో ఉంటే లెక్క తేలిపోతుంది. ఫోటో లేకపోతే ఆ అర సెకనులో వేళ్లు లెక్కపెట్టానని చెప్పేవారి మాటను కాస్త అనుమానంగా వినడమే మంచిది.

జుట్టు గోస్‌హాక్‌తో పోలిక మాత్రం వేరే రకం కథ. తల వెనక చిన్న జుట్టు, ముతక కాళ్లు, బెస్రాకన్నా పెద్ద ఒళ్లు. మిగతాదంతా అచ్చు బెస్రా నమూనానే: గొంతు మధ్య నల్లగీత, ఛాతీ మీద నిలువు మరకలు, పొట్ట మీద అడ్డపట్టీలు. అవే అడవులు, ఇంచుమించు అదే పరిధి. టెమింక్ 1824లో దానికి పెట్టిన పేరు కూడా 'ట్రివిర్గాటస్', అంటే మూడు చారలది. ఎవరికైనా ఇవి అన్నదమ్ములనే అనిపిస్తుంది. డీఎన్‌ఏ మాత్రం ఒప్పుకోలేదు. ఆ రెండూ చాలా దూరపు శాఖలని, జుట్టు గోస్‌హాక్‌ను అసలు వేరే ప్రజాతిలో, అంటే దగ్గరి జాతుల్ని కలిపి పెట్టే వేరే గుంపులో, పెట్టాలని తేలింది. ఒకే రకం అడవి రెండు వేర్వేరు వంశాలకు ఒకే చొక్కా కుట్టిందన్నమాట. చీకటి, వెలుతురు మచ్చలుగా పడే ఆకుల నీడలో ఆ చారలు ఒంటి ఆకారాన్ని చెరిపేస్తాయన్నది ఒక ఊహ. నమ్మదగ్గ ఊహే.

ఈ చొక్కాను అరువు తెచ్చుకున్నవి కూడా ఉన్నాయి. డేగకోకిలలు పరాయి గూళ్లలో గుడ్లు పెట్టే పక్షులు. మైదానాల డేగకోకిల షిక్రాను పోలి ఉంటే, హిమాలయ అడవుల పెద్ద డేగకోకిల ముదురు చారలతో బెస్రా వైపు మొగ్గుతుంది. యూరప్ కోకిలల మీద చేసిన ప్రయోగాల్లో చిన్న పిట్టలు వాటి ఛాతీ చారల్ని చూసి డేగ అనుకుని జంకుతాయని తేలింది. ఆ జంకిన కాసేపట్లోనే గుడ్డు పెట్టే పని అయిపోతుంది.

దట్టమైన చోట ఉంది, పలచనైన చోట లేదు

పటం మీద బెస్రా పరిధి చూస్తే విశాలంగా ఉంటుంది: పశ్చిమ హిమాలయాల నుంచి నేపాల్, భూటాన్, ఈశాన్య భారతం, మయన్మార్, ఇండోచైనా, దక్షిణ చైనా, తైవాన్, దక్షిణాన పశ్చిమ కనుమలు, శ్రీలంక, అండమాన్, ఆగ్నేయాన సుమత్రా, జావా, బాలీ, ఉత్తర బోర్నియో, ఫిలిప్పీన్స్, ఇండోనేషియాలోని ఫ్లోరెస్ దీవి. కానీ ఈ పటాన్ని ఒక్క ముక్కగా చూస్తే మోసపోతాం. అసలు రూపం చిల్లులు పడ్డ గుడ్డ లాంటిది.

హిమాలయాలకూ పశ్చిమ కనుమలకూ మధ్య మధ్యభారతం ఉంది. ఎక్కువగా పొడి అడవులు, వేసవిలో ఆకు రాలే చెట్లు, పొలాలు. అక్కడ రాజ్యం షిక్రాది. తడి అడవుల జీవులు చాలా వాటికి ఇదే రకమైన చీలిక ఉంది: ఈశాన్యంలో ఒక ముక్క, నైరుతిలో ఒక ముక్క, మధ్యలో ఖాళీ. జుట్టు గోస్‌హాక్ కూడా అంతే, హిమాలయాల్లో ఒక ఉపజాతి, నైరుతి భారతంలో ఇంకొకటి, శ్రీలంకలో మూడోది. ఈ చీలికను వివరించడానికి సుందర్‌లాల్ హోరా 1949లో సాత్పురా సిద్ధాంతం చెప్పాడు. ఒకప్పుడు సాత్పురా కొండల వెంబడి తడి అడవుల దారి ఉండేదని, దాని మీదుగా తూర్పు జీవులు పశ్చిమ కనుమలకు చేరాయని ఆయన వాదన. హోరా చేపల శాస్త్రవేత్త, ఆయన ఆలోచన మొదలైంది కొండవాగుల చేపల దగ్గర. ఆ దారి సరిగ్గా సాత్పురాల మీదుగానే పోయిందా అన్నది తర్వాతివాళ్లు చాలా ప్రశ్నించారు. వాతావరణం తడిగా ఉన్న యుగాల్లో అడవులు ఇప్పటికన్నా కలిసి ఉండేవన్న మూలాంశాన్ని మాత్రం కొట్టిపారేయలేదు. బెస్రా రెక్కలు చూస్తే ఆ మాట ఇంకా నచ్చుతుంది. వందల కిలోమీటర్ల బయలును దాటి కొత్త అడవిలో స్థిరపడే పక్షి కాదది. అడవి కలిసి ఉన్నప్పుడు నడిచి వెళ్లినట్టుగా విస్తరించి, అడవి తెగిపోయాక విడిపోయి ఉండాలి.

ద్వీపాల్లో సముద్రం ఒక అడ్డంకి, ఎత్తు రెండోది. సుమారు 20,000 ఏళ్ల కిందట, చివరి మంచుయుగం తీవ్రంగా ఉన్నప్పుడు సముద్రమట్టం ఇప్పటికన్నా 120 మీటర్ల దాకా కిందికి దిగింది. సుమత్రా, జావా, బోర్నియో ఆసియా ఖండంతో ఒకే నేలగా ఉండేవి. అలాంటప్పుడు అక్కడి బెస్రాలన్నీ కలిసిపోయి ఒకే రూపంలో ఉండాలి కదా అనిపిస్తుంది. ఉండలేదు, ఎందుకంటే ఈ ద్వీపాల్లో బెస్రా ఎక్కువగా కొండ అడవుల్లో ఉంటుంది. సముద్రం తప్పుకున్నా కొండకూ కొండకూ మధ్య పల్లపు నేల మిగిలే ఉంది. బోర్నియోలో కినబాలు పర్వతం పరిసరాల ఉత్తర కొండలే దాని ప్రధాన స్థావరం. ద్వీపంలోపల మరో ద్వీపం అనుకోవాలి.

పది రూపాలు

ఇప్పుడు ప్రామాణిక జాబితాలు బెస్రాలో దాదాపు పది ఉపజాతుల్ని గుర్తిస్తున్నాయి.

ఖండం మీద పెద్ద పరిధి అఫినిస్‌ది. నేపాల్‌లో బ్రిటిష్ రెసిడెంట్‌గా ఉన్న హాడ్జ్‌సన్ పెట్టిన పేరు. హిమాలయాల నుంచి దక్షిణ చైనా, ఇండోచైనా దాకా ఇదే. వీటిలో పెద్దది కూడా; హిమాలయాల్లో 2,000 మీటర్లకు పైన కూడా ఉంటుంది. చలికి కొండలు దిగేది ఎక్కువగా ఇదే కాబట్టి ఉత్తర భారతపు మైదానాల్లో చలికాలంలో కనిపించే బెస్రా అఫినిస్ అయి ఉండే అవకాశం ఎక్కువ. జెర్డన్ బెస్రా ఉపజాతి దక్షిణ భారతం, శ్రీలంకలది. అఫినిస్‌కన్నా చిన్నది, రంగు ముదురు. ఉత్తరాన పెద్దగా లేతగా, దక్షిణాన చిన్నగా ముదురుగా ఉండడం చాలా పక్షుల్లో కనిపించే పోకడే. చలిదేశంలో పెద్ద ఒళ్లు వేడిని నిలుపుకుంటుంది, తేమ ఎక్కువైన చోట రంగు చిక్కబడుతుంది.

అండమాన్ బెస్రా కథ కొంచెం ఆలస్యంగా మొదలైంది. దాన్ని వేరు ఉపజాతిగా 1980ల ఆరంభంలో డచ్చి పక్షిశాస్త్రవేత్త మీస్ వర్ణించి, ఆ దీవుల పక్షుల మీద ఏళ్ల తరబడి పనిచేసిన హుమాయున్ అబ్దులాలీ పేరు మీదుగా అబ్దులాలీ అని నామకరణం చేశాడు. పక్కనే ఉన్న నికోబార్ దీవుల్లో ఉండే చిన్న డేగ మాత్రం బెస్రా కాదు, పూర్తిగా వేరే జాతి. ప్రపంచంలో ఇంకెక్కడా దొరకదు. మధ్యలో ఉన్నది పది డిగ్రీల జలసంధి ఒక్కటే. గుండ్రటి రెక్కల పక్షికి అంత నీరు చాలు.

మీస్ పేరు ఇంకో రెండు చోట్ల వస్తుంది. తైవాన్ పక్షికి 1970లో ఫస్కిపెక్టస్, అంటే ముదురురంగు ఛాతీది అని, ఫ్లోరెస్ పక్షికి 1984లో క్విన్‌క్వేఫాసియాటస్, అంటే ఐదు పట్టీలది అని పేర్లు పెట్టింది ఆయనే. పదింటిలో మూడు ఒకే మనిషి చేతి మీదుగా వచ్చాయి. ఇది ఆయన గొప్పతనానికి గుర్తు, నిజమే. కానీ బెస్రా మీద ఇంత కాలంలో ఎంత కొద్దిమంది నిలకడగా పనిచేశారన్నదానికి కూడా ఇదే గుర్తు.

జావా, బాలీలది మొదట పేరు పొందిన విర్గాటస్. సుమత్రాది వాన్‌బెమ్మెలి, 1950లో వూస్ వర్ణించాడు. ఉత్తర బోర్నియోది రూఫోటిబియాలిస్, తొడల మీది ఎర్రటి ఈకల్ని బట్టి షార్ప్ 1887లో ఇచ్చిన పేరు.

ఫిలిప్పీన్స్‌లో రెండున్నాయి. లూజాన్, మిండోరో, నెగ్రోస్ వైపు ఉండేదానికి హార్టర్ట్ 1910లో కన్‌ఫ్యూసస్ అని పేరు పెట్టాడు. గందరగోళపరిచేది అనే అర్థం. ఈ గుంపులో ఏ పక్షికైనా సరిపోయే పేరే. మిండనావో, లేటే, సమర్, బోహోల్, సెబు వైపు ఉండేది పార్క్స్ 1973లో వర్ణించిన క్వాగా. క్వాగా అంటే దక్షిణాఫ్రికాలో అంతరించిపోయిన ఒక జీబ్రా రకం పేరు. ఈ పంపకంలో ఒక మెలిక ఉంది. మంచుయుగంలో నెగ్రోస్, సెబు ఒకే దీవిగా ఉండేవి. అందుకని అక్కడి జంతువులు చాలావరకు ఒక గుంపుగా ఉంటాయి. బెస్రాలో మాత్రం నెగ్రోస్ పక్షి ఉత్తరపు గుంపులో, సెబు పక్షి దక్షిణపు గుంపులో పడింది. గీత తప్పుగా గీశారా, లేక సెబుకు తర్వాత ఎప్పుడో మరోవైపు నుంచి కొత్త పక్షులు వచ్చాయా అన్నది ఈకల రంగు చూసి తేలే విషయం కాదు.

అన్నిటికన్నా ఆశ్చర్యం ఫ్లోరెస్‌ది. బాలీ, లంబోక్‌ల మధ్య లోతైన జలసంధి మంచుయుగంలో కూడా ఎండలేదు. ఆసియా జంతుజాలానికి అక్కడితో చాలావరకు తెర పడుతుంది, వాలెస్ గీత అని చెప్పేది దాన్నే. ఫ్లోరెస్ ఆ గీతకు తూర్పున ఉంది. అంటే ఏదో ఒక కాలంలో కొన్ని బెస్రాలు నీటిని దాటే వెళ్లి ఉండాలి. ఇది ఎక్కడికీ కదలని పక్షి అన్న పై మాటకు ఫ్లోరెస్ ఒక మినహాయింపు. తుపాను గాలులు, దారి తప్పిన పిల్ల పక్షులు, వేల ఏళ్ల వ్యవధి ఉంటే ఇలాంటి అరుదైన సంఘటన జరగడానికి ఒక్కసారి చాలు. తర్వాత మళ్లీ అటునుంచి ఎవరూ రాకపోతే ఆ దీవి పక్షి తన దారిన తాను మారుతూ పోతుంది.

ఈ పదీ మ్యూజియం అరల్లో ఉన్న చర్మాల కొలతలు, ఈకల రంగులు ఆధారంగా గీసిన గీతలు. చర్మాలు తక్కువగా ఉన్న దీవుల్లో ఆ గీతలకు బలం కూడా తక్కువే. మగా ఆడా, పిల్లా పెద్దా అన్న తేడాలే ఇంత పెద్దవైన పక్షిలో నాలుగైదు నమూనాలతో ఉపజాతిని నిర్ణయించడం ప్రమాదకరం. జన్యు పరీక్షలు పూర్తిగా జరిగిన రోజున వీటిలో కొన్ని కలిసిపోవచ్చు. అండమాన్, ఫ్లోరెస్ లాంటివి ఇంకా దూరం జరగవచ్చు.

ఇంటిపేరు మారింది

ఉపజాతుల గీతలు అలాగే ఉండగా, పైన ఉన్న ప్రజాతి పేరు మాత్రం ఇటీవల మారిపోయింది. చాలాకాలంగా ఈ డేగలన్నీ ఆక్సిపిటర్ అనే ఒకే ప్రజాతిలో ఉండేవి. యాభైకి దగ్గరగా జాతులు. పగటి వేటపక్షుల్లో అంత పెద్ద ప్రజాతి మరొకటి లేదు. అయితే పిల్లిగద్దలు అని పిలిచే హారియర్లు, గడ్డి మైదానాల మీద తేలుతూ వేటాడేవి, చూపులకు వీటితో ఏ పోలికా లేనివి, డీఎన్‌ఏ ప్రకారం ఈ ఆక్సిపిటర్ గుంపు మధ్యలోనే వస్తున్నాయని తేలింది. గుంపు మధ్యలోంచి మొలిచిన కొమ్మను బయటిదిగా చూపిస్తే వర్గీకరణ తప్పవుతుంది. అందుకని 2024లో వెలువడిన ఒక విస్తృత జన్యు అధ్యయనం తర్వాత ఆక్సిపిటర్‌ను ముక్కలు చేశారు. యూరేషియా పిట్టడేగ, అమెరికాలోని షార్ప్‌షిన్డ్ హాక్ లాంటివి పాత పేరుతో ఉండిపోయాయి. పెద్ద గోస్‌హాక్‌లు ఆస్టర్‌లోకి, జుట్టు గోస్‌హాక్ లోఫోస్పిజాలోకి పోయాయి. బెస్రా, షిక్రా, జపాన్ పిట్టడేగ, నికోబార్ డేగ అన్నీ టాకిస్పిజా అనే ప్రజాతికి చేరాయి. ఇది కౌప్ 1844లోనే పెట్టి వదిలేసిన పేరు. వేగంగా పోయే డేగ అని అర్థం.

టాకిస్పిజా లాటిన్ వ్యాకరణంలో స్త్రీలింగం. దాంతో విర్గాటస్ కాస్తా విర్గాటా అయింది, షిక్రా బాడియస్ బాడియా అయింది. ఆడపక్షికే బెస్రా అని పేరు పెట్టిన పాత వేటగాళ్లకు ఈ మార్పు వింతగా అనిపించేది కాదు.

లెక్కలోకి రాని పక్షి

జాతులకు అంతరించే ముప్పు ఎంతుందో చెప్పే అంతర్జాతీయ ఎర్రజాబితాలో బెస్రా 'తక్కువ ఆందోళన' వర్గంలో ఉంది. భారతదేశంలో 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద ఇది రక్షిత పక్షి. కాబట్టి దీన్ని పట్టడం, పెంచడం, అమ్మడం నేరం. పరిధి ఇంత విశాలంగా ఉన్నప్పుడు ఆ వర్గం సబబే. కానీ పటం మీది విస్తీర్ణం వేరు, పక్షికి పనికొచ్చే అడవి వేరు. బయలు లేని చెట్లు కోరుకునే పక్షికి, కింద పొదలు లేకుండా వరుసల్లో నాటిన యూకలిప్టస్ తోట అడవి కిందకు రాదు. అందులో మాటు వేయడానికి చాటు లేదు, పట్టడానికి పిట్టలు లేవు. ఉపగ్రహ చిత్రంలో మాత్రం రెండూ పచ్చగానే కనిపిస్తాయి.

తైవాన్‌లో జరుగుతున్నది ఇక్కడ గమనించదగ్గది. జుట్టు గోస్‌హాక్ అక్కడ కొండలు దిగి తైపే నగరం నడిబొడ్డున పార్కుల్లో గూళ్లు కడుతోంది. గూటి మీద కెమెరాలు పెట్టి జనం చూస్తున్నారు. అదే కొండల్లో, అవే చెట్లలో, అదే రంగు చొక్కాతో ఉన్న బెస్రా అలా నగరానికి అలవాటు పడలేదు. పెద్ద ఒళ్లు, ముతక కాళ్లున్న గోస్‌హాక్‌కు ఎలుక, పావురం, ఉడుత ఏది దొరికినా భోజనమే. బెస్రా వేళ్లు చిన్న పిట్టల కోసం తయారయ్యాయి.

ఎర్రజాబితా వర్గం జాతి మొత్తానికి ఇచ్చేది, ఉపజాతులకు విడివిడిగా కాదు. హిమాలయాల నుంచి దక్షిణ చైనా దాకా ఉన్న అఫినిస్ బాగుంటే చాలు, జాతి లెక్క బాగానే కనిపిస్తుంది. ఫ్లోరెస్ కొండల్లోనో అండమాన్‌లోనో అడవి సగానికి తగ్గినా ఆ లెక్కలో తేడా రాదు. ఆ రెండింటిలో ఏదైనా ఒకటి జన్యు పరీక్షలో వేరే జాతిగా తేలితే మాత్రం, దాని పరిస్థితిని మొదటి నుంచి విడిగా అంచనా వేయాల్సి వస్తుంది.